తాటితోపులో రెండు పాకములు

కృష్ణానదీతీరమున మాచెర్లకు అనతిదూరమున నున్న నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగుటకు ముందు, 1954 మొదలుకొని 1960 వరకు సాగిన విపులములైన త్రవ్వకముల ఫలితముగా, ఇక్ష్వాకురాజుల విజయపురి తన స్తూపములతోను, విహారములతోను, స్నానఘట్టములతోను మరల ఒకమారు వెలుగు చూచినది. ఆ లోయలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. అంతకంటె విస్మయకరముగా, రాజప్రాసాద ప్రాంతపు శిల్పములలో, గడ్డము గలిగి, అర్ధనగ్నుడై, చేత పానశృంగము ధరించి, ప్రక్కన మద్యభాండముతో నిలిచిన పురుషమూర్తి యొకటి కనబడినది. ఆ మూర్తి గ్రీకుల ద్రాక్షామద్యదేవతయైన డయోనిసస్‌దని పండితులు గుర్తించిరి. రోమకుల మద్యభాండముల శకలములు తమిళతీరమున అరికమేడు వద్ద విరివిగా లభించుటచే, మధ్యధరా తీరమున పిండిన ద్రాక్షాసవము నౌకలపై నెలల తరబడి ప్రయాణించియు త్రాగుటకు యోగ్యముగనే మన దేశమునకు వచ్చెడిదని తెలియుచున్నది. పల్నాటి సొంత పానీయమగు తాటికల్లు మాత్రము, ఉదయము గురజాల తోపులో చెట్టు దిగినది, సాయంకాలమునకు నరసరావుపేట చేరునంతలో మరియొక పదార్థమైపోవును.

నెలల ప్రయాణమును సహించు మద్యమొకటి, ఒక్క పగటిని సహింపజాలని మద్యమొకటి: ఈ తారతమ్యమునుండియే పానశాలలు రెండు విధములుగా రూపొందినవి. నాశిక ప్రాంతమునందును, దూరదేశములలో కాలిఫోర్నియా యందును, ద్రాక్షతోటల నడుమ మద్యశాలలు వెలసి, అతిథులు పీపాలను దర్శించి, ఆసవములను రుచి చూచి, బొగ్గులపై కాల్చిన మాంసమును భుజించి పోవు ఆచారమొకటి నేడు ప్రబలియున్నది. అచ్చటికి మనుష్యుని రప్పించునది వేడుక. సీసా ఎట్లును అతని ఇంటికే పోగలదు. పల్నాటి తోపునకు మనుష్యుని రప్పించునది నిర్బంధము. కల్లు తన చెట్టును విడిచి దూరము పోలేదు కావున త్రాగువాడే చెట్టు వద్దకు పోవలెను. పోయినవాడు ఆకలిగొనును కావున తిండియు చెట్టు క్రిందనే సిద్ధము కావలెను. చెట్టు క్రింద వంటయిల్లును పాత్రసామగ్రియు నుండవు కావున ఆ వంట నిప్పులపై కాల్చుటయే కావలెను. తోపులో కల్లులొట్టి ప్రక్కన నిప్పులగుంటయు, దానిపై మాంసము గ్రుచ్చిన చువ్వలును కనబడుట యాదృచ్ఛికము గాదనియు, అది రసాయనశాస్త్ర నియమముల పర్యవసానమనియు చూపుటయే ఈ అధ్యాయమున నా ఉద్దేశము.

మొదట ఎండను గూర్చి చెప్పవలెను, ఏలయన ఈ కథలో ఎండయే ప్రధానపాత్ర. గురజాలకును మాచెర్లకును నడుమనున్న రెంటచింతల పేరు వేసవి రాగానే వార్తాపత్రికల ఉష్ణోగ్రతల పట్టికలలో తరచుగా మొదటి వరుసకెక్కును. అచ్చట పాదరసము 45 డిగ్రీలు దాటుట అరుదైన సంగతి కాదు. సముద్రపు గాలి అంతదూరము చేరదు. నేలయంతయు నల్లరేగడి, దాని క్రిందను దాని నడుమను సున్నపురాతి పలకలు. ఇట్టి ఎండలో నదీతీరపు మాగాణి వృక్షములు వాడిపోవుచుండగా, తాటిచెట్టు తలయెత్తి నిలిచి, ఎండ ముదిరిన కొలది అధికముగా రసము నొసగును. వేసవిలో నీటికి కరవుపడు నేలనుండి రోజునకు కొన్ని లీటర్ల తియ్యని ద్రవమును పైకి తెచ్చి యిచ్చు ఈ వృక్షశరీరమును పరిశీలింపక కల్లును గూర్చి మాటాడుట వృథా.

వృక్షశాస్త్రజ్ఞులు బొరాసస్ ఫ్లాబెల్లిఫర్ అని పిలుచు తాటిచెట్టు, వరి, వెదురు, మొక్కజొన్నల వలె ఏకదళబీజ జాతికి చెందినది. వేప, మామిడి మున్నగు వృక్షములలో ఆహారరసమును మోయు నాళములు బెరడు క్రింద ఒక పలుచని వలయముగా నమరియుండును. ఆ వలయమును చుట్టును కోసితిమా, చెట్టు చచ్చును. తాటి మ్రానున అట్టి వలయము లేదు. వేలకొలది నాళికాపుంజములు కాండమంతటను చెదరియుండును. ప్రతి పుంజమునను నీటిని పైకెక్కించు దారువు నొకవంక, చక్కెరను మోయు పోషకకణజాలము నొకవంక ఉండును. ఈ పోషకనాళముల కణములు పరిణతి పొందునప్పుడు తమ కేంద్రకములను కోల్పోవును. కేంద్రకము లేని కణము సాధారణముగా అల్పాయువు. తాళవృక్షముల యందు మాత్రము, మ్రాను మరల లావెక్కదు కావున, క్రొత్త నాళములు పుట్టు అవకాశము లేక, ఆ పాతకణములే చెట్టు బ్రతికినంతకాలము, అనగా నూరేండ్లకు పైబడియు, పనిచేయుచుండును. జీవప్రపంచమున ఇంతకు మించిన దీర్ఘసేవ యరుదని నా అభిప్రాయము.

తాటియందు స్త్రీపురుష భేదము కలదు. పోతుతాడు పూచునేకాని కాయదు. పెంటితాడు ముంజలను, పండ్లను ఇచ్చును. పండ్రెండు, పదునైదేండ్లు గడచినగాని ఏ చెట్టును పూతకు రాదు. పూగెల పొటమరించిన పిదప, ఆకులలో ఎండ సహాయమున తయారైన చక్కెర అంతయు ఆ గెల వైపు పరుగిడును. ఫలమును పోషింపవలసిన ఆ చక్కెరనే గీతగాడు దారి మళ్లించును. మోకును నడుమునకు బిగించి, పాదములకు బంధము తగిలించి, అరువది డెబ్బది అడుగుల నున్నని మ్రానును రోజునకు రెండు మారులైన ఎక్కి, అతడు గెలను మెల్లగా నొక్కి, నలిపి, త్రాటితో కట్టి, కొనను పలుచని పొరగా కోయును. గాయపడిన నాళములను మూసివేయుటకు చెట్టు తన రంధ్రములలో కాలోజ్ అను పిండిపదార్థమును నింపజూచును. అది నిండకముందే అతడు మరునాడు క్రొత్తపొర కోసి ఆ మూతను తొలగించును. కోత మందమైనచో గెల త్వరగా తరిగి ఋతువు మధ్యనే ముగియును, మరీ పలుచనైనచో మూత తెగదు. ఈ కొలత ఏ గ్రంథమునను లేదు. గౌడ కుటుంబములలో తండ్రి చేతినుండి కొడుకు చేతికి సంక్రమించినది. మ్రానునుండి జారిపడి ప్రాణములు, అవయవములు కోల్పోయినవారెందరో ఆ కుటుంబములలో నున్నారని, లొట్టి నోటికెత్తువారు ఒకమారు తలపోయవలెను.

కోతనుండి బొట్లుబొట్లుగా రాలు రసము స్ఫటికమువలె నిర్మలమైనది. అందు నూటికి పది మొదలు పదునాలుగు పాళ్లు చక్కెర, అదియు మనము కాఫీలో వేసికొను చక్కెరయే, సుక్రోజు. ఆమ్లగుణము గాని క్షారగుణము గాని చెప్పుకోదగినంత లేదు, అనగా దాని పి.హెచ్. రమారమి 7. అమైనో ఆమ్లములు, ఖనిజములు, విటమినులు కొలదిగా కలవు. తీపి, తటస్థత, పోషణ, వెచ్చదనము: సూక్ష్మజీవులు ఇంతకంటె కోరుకొనదగిన నివాసము భూమిపై లేదు. అవి ఎక్కడినుండి వచ్చును? గీతకత్తి అంచున, గెల చర్మమున, రసమునకు మూగు ఈగల కాళ్లయందు, అన్నిటికి మించి నిన్నటి మడ్డి అంటియున్న లొట్టి గోడలలోని రంధ్రములయందు అవి కాచుకొనియుండును. మొదటి బొట్టు లొట్టిలో పడిన క్షణముననే పాకము ఆరంభమగును. ఈ పాకమునకు అగ్ని అక్కరలేదు.

రసము తనంతట తానే పొంగి, నురుగు కక్కి, మత్తు కలిగించుట మానవుడు వేల యేండ్లుగా చూచుచునే యున్నాడు. కారణము తెలిసినది నిన్న మొన్ననే. 1850ల నడుమ ఫ్రాన్సులో లీల్ పట్టణమున బీట్‌దుంప రసమునుండి ఆల్కహాలు తీయు వ్యాపారి యొకడు, తన తొట్లు కొన్ని పులిసి పాడగుచున్నవని మొరపెట్టుకొనగా, లూయీ పాశ్చర్ సూక్ష్మదర్శినితో ఆ తొట్లను పరీక్షించెను; మంచి తొట్లలో గుండ్రని ఈస్టు కణములు, చెడిన తొట్లలో కడ్డీలవంటి బాక్టీరియాలు కనబడెను. పులియుట ప్రాణుల పనియని 1857 నుండి ఆయన వరుసగా ప్రకటించిన వ్యాసములు నిరూపించినవి. అయితే ప్రాణియే కావలెనా, ప్రాణిలోని పదార్థము చాలునా యను వాదము మరి నలుబదియేండ్లు సాగినది. 1897లో జర్మనీ దేశీయుడు ఎడ్వార్డ్ బూఖ్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, ఒక్క కణమైన లేని ఆ సారముతో చక్కెరను పులియబెట్టి, ఎంజైముల మహిమను లోకమునకు చూపెను. 1907లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

లొట్టిలో జరుగు పని ఇట్టిది. ఈస్టు మొదట ఇన్వర్టేజు అను ఎంజైమును వెలువరించి సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడదీయును. ఆ పిదప ఒక్కొక్క గ్లూకోజు అణువును రెండు ఆల్కహాలు అణువులుగను రెండు బొగ్గుపులుసు వాయువు అణువులుగను విరుచును. నూరు గ్రాముల గ్లూకోజునుండి లెక్కప్రకారము రావలసినది ఏబదియొక్క గ్రాముల ఆల్కహాలు. రసమున పండ్రెండు పాళ్ల చక్కెర యున్నచో ఆరు పాళ్లు రావలెను. కొంత ఆమ్లముగా మారుటచేతను, కొంత సూక్ష్మజీవుల శరీరపోషణకు పోవుటచేతను, సాధారణముగా నాలుగు నుండి ఆరు పాళ్ల నడుమ నిలుచును. స్వచ్ఛమైన రసమును పాలవలె తెల్లగా మార్చునది మరేదియు గాదు, మిల్లీలీటరునకు కోట్ల కొలదిగా పెరిగి అందు తేలియాడు ఈ ప్రాణుల శరీరములే.

ఈస్టు ఒక్కటియే యున్నచో ఈ పాకమింత వేగముగా జరుగదు. 1920లలో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ లిండ్నర్, మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసము పులియగా ఏర్పడు పుల్కే అను పానీయమునందు ఒక విచిత్రమైన బాక్టీరియాను కనుగొనెను. దానినే నేడు జైమోమోనాస్ అందురు. మన తాటికల్లులోను అదియే ముఖ్యపాత్ర వహించుచున్నది. ఈస్టు ఒక గ్లూకోజు అణువును విరిచి రెండు శక్తిబిందువులను, అనగా ఏటీపీ అణువులను, సంపాదించుకొనగా, జైమోమోనాస్ వేరొక మార్గమున పోయి ఒక్కదానినే సంపాదించును. శక్తిసంపాదన యందు అసమర్థమైన ఈ జీవి బ్రతుకవలెనన్నచో రెట్టింపు చక్కెర తినవలెను; తినును; కావున ఆల్కహాలు అతిశీఘ్రముగా పుట్టును. దరిద్రుని ఆత్రము వంటి ఈ ఆత్రమే కల్లు తొందరకు ఒక మూలము. ఇంతలో లాక్టిక్ బాక్టీరియాలు పెరుగులో చేయు పనినే ఇచ్చటను చేసి పులుపును పెంచును, పి.హెచ్. 7 నుండి 4 వరకు దిగజారును. ఆల్కహాలు పుట్టిన తోడనే దానిని గాలితో కలిపి సిర్కాగా మార్చు ఎసిటిక్ బాక్టీరియాలు ద్వారమునందే నిలిచియున్నవి. ఇవి యన్నియు వెచ్చదనమును ప్రేమించునవే. అటు మంచుదేశమున వారములు పట్టు క్రమము, పల్నాటి వేసవిలో ఒక్క పగటిలో ముగియును.

అందుచేతనే తోపునకు పోవువానికి గడియల పరిజ్ఞానము ముఖ్యము. తెల్లవారుజామున దించిన లొట్టిలో రాత్రి చల్లదనమున మెల్లగా పులిసిన తీపికల్లు దొరకును. ఎండ ఎక్కిన కొలది తీపి తరిగి ఘాటు పెరుగును. అపరాహ్ణమునకు పులుపు పైచేయి యగును. రెంటచింతల దారిని ఒక తోపులో నేను కాగితముపై ఏదో వ్రాసికొనుచు లొట్టిని ప్రక్కన పెట్టగా, వయసు మళ్లిన గీతగాడొకడు, “ఇంకాసేపుంటే పులిసిద్దయ్యా, ముందు తాగండి, తర్వాత రాసుకుందురు” అని హెచ్చరించెను. పి.హెచ్. కొలుచు యంత్రమునకు ఆ మాటకు నడుమ నాకు భేదము తోచలేదు.

ద్రాక్షకు ఈ తొందర లేకుండుటకు హేతువులు దాని పండులోనే యున్నవి. ద్రాక్షరసము పుట్టుకతోనే పులుపు, పి.హెచ్. 3 నుండి 4 లోపు. ఆ పులుపున అనేక బాక్టీరియాలు బ్రతుకజాలవు, ఈస్టు మాత్రము బ్రతుకును. అందలి చక్కెర నూటికి ఇరువది పాళ్లు దాటును; తత్ఫలితమైన ఆల్కహాలు పండ్రెండు పదుమూడు పాళ్లకు చేరి తానే రక్షకమగును. తొక్కలోని వగరు పదార్థములు మరికొంత రక్షణ. తాటిరసమునకు పులుపు రక్షణయు లేదు, వగరు రక్షణయు లేదు. దాని ఆల్కహాలు శత్రువులను చంపుటకు చాలదు, ఆకర్షించుటకు చాలును. రెండు మధురరసముల యోగ్యతలో హెచ్చుతగ్గులు లేవు. భేదమంతయు ఆమ్లములోను చక్కెర మోతాదులోను ఉన్నది. చారిత్రకులు నాగరకతా భేదములను గూర్చి వ్రాయునప్పుడు ఇట్టి అల్పకారణములను పరిగణింపకుండుట కొరత యని నా దృఢవిశ్వాసము.

ఈ పరుగును ఆపగల పదార్థమొకటి కలదు; అది పల్నాటి నేలలోనే పుట్టును. కడప ద్రోణిలో భాగమై, ఏబది కోట్ల యేండ్లకు పైబడిన ప్రాచీనసముద్రముల అడుగున పేరుకొనిన సున్నపురాయి ఇచ్చటి భూమియంతటను పరచుకొనియున్నది. పిడుగురాళ్ల పరిసరములలో వరుసగా నిలిచిన బట్టీలలో ఆ రాతిని బొగ్గుతో కలిపి దాదాపు 900 డిగ్రీల వరకు కాల్చగా, బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును; నీరు చల్లిన అది బుసకొట్టి తడిసున్నమగును. ఆ సున్నమును లొట్టి లోపల పూసి చెట్టునకు కట్టినచో, రాలు రసము క్షారమై, పి.హెచ్. పదింటికి పైబడి, ఈస్టుగాని బాక్టీరియాగాని తలయెత్తలేదు. తెల్లవారి దించిన రసము తియ్యగనే యుండును. దానినే నీరా అందురు. సుక్రోజు విడిపోకుండ నిలుచుటచే ఆ రసమును వడకట్టి, కాచి, తాటిబెల్లము చేయవచ్చును. అదే చెట్టు, అదే గెల, అదే చేయి. పూసిన సున్నమునుబట్టి పిల్లలు త్రాగు పానీయమో పెద్దలు త్రాగు మద్యమో నిర్ణయమగుచున్నది. గాంధీమహాత్ముడు తాటిబెల్లమును గ్రామపరిశ్రమగా పెంపొందింపవలెనని బోధించుటకు ఆధారము ఈ సున్నపు పూతయే.

చట్టమునకు రసాయనశాస్త్రమునకు నడుమ నలిగినది ఈ వృత్తి. 1948 అక్టోబరు నాటికి మదరాసు రాష్ట్రమంతటను మద్యనిషేధము అమలునకు వచ్చినప్పుడు, చెట్టునే నమ్ముకొన్న కుటుంబములు వేలకు వేలు జీవనోపాధి కోల్పోయినవి. వారి పక్షమున గౌతు లచ్చన్న సాగించిన ఉద్యమము ఆంధ్రరాష్ట్ర రాజకీయములనే కదల్చినది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గము ఈ నిషేధవివాదమున శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. రాత్రికి రాత్రి నీరా కల్లుగా మారుట ఏ శాసనమునకు లోబడని సంగతి యగుటయే ఆనాటి చిక్కులలో ఒకటి.

ఇక రెండవ పాకము. తోపు అంచున గుంట తీసి, నల్లతుమ్మ మొద్దులను మండించి, మంట చల్లారి నిప్పులు మిగులు వరకు ఓపికతో వేచియుండుట కాల్చువాని మొదటి విద్య. మంటపై కాల్చిన మాంసము పొగచూరి పైన మాడి లోపల పచ్చిగా నుండును. నివురు గప్పిన నిప్పు వేరు. మంటలోని వేడి గాలితో ఎగసిపోవుచుండగా, నిప్పులోని వేడి ముఖ్యముగా కంటికి కనబడని పరారుణకిరణముల రూపమున సూటిగా మాంసమును తాకును. వికిరణశక్తి పరమ ఉష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును అనుసరించునని భౌతికశాస్త్ర నియమము. అనగా ఉష్ణోగ్రత రెట్టింపైనచో వెలువడు శక్తి పదునారు రెట్లగును. విసనకఱ్ఱతో ఒకటి రెండు ఊపులు ఊపిన మాత్రముననే నిప్పు రంగు మారి, చేయి పెట్టలేనంత వేడి పుట్టుటకు కారణమిదియే. పైన పేరుకొను బూడిద ఆ ఉద్ధృతిని అణచి సమముగా పంచును. విసరుట, నివురు కప్పనిచ్చుట అను రెండు చర్యలతోనే అతడు ఉష్ణోగ్రతను పాలించుచున్నాడు.

చువ్వపై మాంసమున ఏమి జరుగును? ఏబది డిగ్రీల వద్ద కండలోని మయోసిన్ అను మాంసకృత్తు ముడుచుకొనుట ఆరంభించును. అరువది దాటిన పిదప ఎర్రదనమునకు కారణమైన మయోగ్లోబిన్ రూపము చెడి గోధుమవన్నె కలుగును. ఆ పిదప నరముల కొలాజెన్ కుంచించుకొని, తడిలో చాలసేపు ఉడికినచో మెత్తని జెలాటిన్ అగును. అయినను నోరూరించు వాసన వీనిలో దేనినుండియు రాదు. మాంసపు ఉపరితలమున నీరున్నంతవరకు అది నూరు డిగ్రీలు దాటదు. నీరు ఇగిరి పొర ఎండిన తోడనే ఉష్ణోగ్రత నూట నలుబది దాకా ఎగబ్రాకి, అమైనో ఆమ్లములును చక్కెరలును కలిసి వందల కొలది క్రొత్త పరిమళద్రవ్యములను సృజించును. ఈ చర్యను 1912లో వర్ణించిన ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరనే అది నేటికిని వ్యవహరింపబడుచున్నది. ఉప్పు, పసుపు పట్టించి, కొంతసేపు ఆరనిచ్చి, తడిని అద్ది తీసివేసిన పిదప చువ్వకు గ్రుచ్చవలెనని కాల్చువాడు పట్టుపట్టుట చాదస్తము గాదు.

ప్రతి మాంసమును నిప్పునకు తగదు. పల్నాటి కథకు కోడిపోరుతో విడదీయరాని సంబంధమున్నది. బ్రహ్మనాయుని చిట్టిమల్లును నాగమ్మ శివంగిడేగయు పోరిన వృత్తాంతమును వీరవిద్యావంతులు నేటికిని గానము చేయుచున్నారు, కారెంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు జరుగు వీరారాధనోత్సవములలో కోడిపోరునకే ఒక దినము కేటాయింపబడియున్నది. అట్టి పందెపుకోడి తొడలలో, నిరంతర వ్యాయామమువలనను వయసువలనను, కొలాజెన్ దారములు ఒకదానికొకటి గట్టిగా పెనవేసికొని, నిప్పుపై అరగంట కాల్చినను త్రాళ్లవలె మిగిలిపోవును. దానికి కుండలో పులుసు పోసి, సన్నని సెగపై గంటలకొలది ఉడికించుటయే తగిన మార్గము. చువ్వకు తగినది లేతమాంసము: పెట్టపిల్ల, మేకపిల్ల. పల్లెలలో నాటుకోడిని ఈకలు పీకి, మంటపై చర్మమును కాల్చి, పసుపు రాచి, ఆ పిదప పులుసు పెట్టుట ఈ రెండు మార్గములను కలుపు యుక్తి. నిప్పునుండి పరిమళము, నీటినుండి మెత్తదనము.

నిప్పుపై కరిగి రాలిన క్రొవ్వు పొగయై తిరిగి మాంసమును అంటుకొనును. కఱ్ఱలోని లిగ్నిన్ విచ్ఛిన్నమై గుయాకాల్ వంటి సువాసనద్రవ్యములు పుట్టుటయు, క్రొవ్వు మాడి బెంజోపైరీను వంటి విషద్రవ్యములు పుట్టుటయు ఒకే పొగలో జరుగును. జపాను శాస్త్రజ్ఞుడు తకాషి సుగిమురా 1970లలో కాల్చిన చేపల మాడిన భాగములను పరీక్షించి, జన్యుద్రవ్యమును చెరచు పదార్థములు వానియందున్నట్లు నిరూపించెను. మాడిన నల్లపొరను గీకి పారవేయుటయు, క్రొవ్వుబొట్లు నేరుగా నిప్పున పడకుండ చువ్వను ప్రక్కకు జరుపుటయు, పెరుగు, నిమ్మరసము, పసుపు ముందుగా పట్టించుటయు ఈ హానిని తగ్గించునని ప్రయోగములు తెలుపుచున్నవి. ఆల్కహాలును గూర్చియు సత్యము దాచరాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును నిశ్చిత క్యాన్సరుకారకముల వర్గమున చేర్చినది, అందు ద్రాక్షకు గాని తాటికి గాని మినహాయింపు లేదు.

పల్నాటి చువ్వపై మిరపకారము లేని మాంసము ఊహింపరానిది. కారము రుచి గాదు, బాధ. నాలుకపై వేడిని గుర్తించు గ్రాహకమును మిరపలోని కాప్సెయిసిన్ మోసపుచ్చి, మంట తగిలినదని మెదడునకు వార్త పంపును. 1997లో ఆ గ్రాహకమును కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. సహజముగా 43 డిగ్రీల వద్ద మేల్కొను ఆ గ్రాహకమును ఆల్కహాలు దేహోష్ణత కంటె దిగువనే మేల్కొల్పును; కావున కారపుమాంసము తిని ఘాటుకల్లు త్రాగినవాని నోట మంట రెట్టించును. తీపికల్లులోని చక్కెర మాత్రము ఆ మంటను కొంత చల్లార్చును. ఉదయపు కల్లునకు కారము, మధ్యాహ్నపు పులుపుకల్లునకు ఉప్పుచేప అని కొందరు అనుభవజ్ఞులు పాటించు నియమమున ఎంత శరీరశాస్త్రము ఇమిడియున్నదో చూడుడు.

తోపులు తరిగి, పట్టణములు పెరిగిన కొలది, కల్లు చెట్టును విడిచి నగరమునకు పోవలసివచ్చినది. పోవుటకు శక్తి లేని పానీయమును పంపవలెనన్న దురాశ ఘోరమైన ఫలితములనిచ్చినది. చెట్లు చాలని చోట నీటిలో చక్కెరయు సాకరినును కలిపి, తెల్లదనమునకు ఏదో పొడి చేర్చి, మత్తునకు క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, ఆల్ప్రజోలాం వంటి నిద్రమందులు కలుపు దుష్టవ్యాపారము తెలుగుదేశమున పలుచోట్ల బయటపడినది. వానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినప్పుడు వణకుచు, మూర్ఛలు పడుచు ఆసుపత్రుల పాలగుచున్నారు. చెట్టు కనబడని చోట దొరకు కల్లును నోట పెట్టరాదని నేను మనవి చేయుచున్నాను. ఒక్క దినమున చెడవలసిన పదార్థము చెడకుండుటయే దాని దోషమునకు సాక్ష్యము.

అస్తమయవేళకు తోపులో మిగిలిన లొట్టిని ఏమి చేయుదురు? సాధారణముగా నేలపాలు చేయుదురు. ఇది నాకు మనస్తాపము కలిగించు సంగతి. వెడల్పు మూతిగల కుండలో పోసి, గుడ్డ కప్పి, గాలి తగులనిచ్చినచో, ఎసిటిక్ బాక్టీరియాలు ఉపరితలమున మీగడవంటి పొరకట్టి, ఆల్కహాలునంతటిని కొన్ని వారములలో సిర్కాగా మార్చును. గోవా ప్రాంతీయులు కొబ్బరికల్లునుండి ఇట్లే సిర్కా తీసి, దానితోనే పందిమాంసపు విందాలూ వండుదురు. మాంసమున కది పులుపునిచ్చుటయేగాక నిలువ శక్తియు నిచ్చును. నాలుగు పాళ్ల ఎసిటిక్ ఆమ్లముగల ద్రవమున కల్లును చెరచు ఇతరప్రాణులు సాధారణముగా బ్రతుకలేవు కావున, ఆ సిర్కా నెలలు, ఏండ్లు చెడదు. ఒక పగటిని సహింపజాలని తాటిరసము ఈ దశలోనే రైలెక్కి దూరదేశములకు పోవు అర్హతను సంపాదించుకొనును. పిడుగురాళ్ల సున్నముతో నీరా, తాటిబెల్లము; ఎండ సహాయముతో సిర్కా: ఈ మూడింటికిని కావలసిన ముడిసరకు గురజాల, మాచెర్ల ప్రాంతములలో సమృద్ధిగ నున్నది. గీతవృత్తి సహకారసంఘములు సిర్కా కుండలను నేడే నిలుపవచ్చును. వానికి మట్టికుండలు, పరిశుభ్రమైన గుడ్డ, ఆమ్లమును కొలుచు చిన్నసాధనము తప్ప వేరు యంత్రములక్కరలేదు.